మరపడవ పగ్గములు

తార్నాకలో నివసించుచు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో యంత్రశాస్త్రపు పాఠములు చెప్పుకొనెడి మాకు పడవలతో పని యేమని మిత్రులు పరిహాసమాడుచుందురు. మా పరిసరములలో సముద్రము లేదు, గోదావరియును లేదు. కాని నీరే మనలను వెదకుకొనుచు వచ్చిన రోజులున్నవి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినపుడు, అఫ్జల్‌గంజ్ వద్ద చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి కథను నేటికిని చెప్పుకొందురు. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసినపుడు టోలీచౌకిలోని నదీం కాలనీ వంటి చోట్ల వీథులలోనికే పడవలు వచ్చినవి. కనుక పడవ పగ్గములు పట్టుట తెలిసినవారు మన నగరమునందును కొందఱుండుట మంచిది.

మూసీ వరద వచ్చిన మరుసటి సంవత్సరమే, అనగా 1909లో, నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అను యంత్రకారుడు పడవ వెనుకపలకకు తగిలించెడి మోటారును విక్రయింప నారంభించెను. అట్టి యంత్రములు అంతకు మున్ను లేకపోలేదు. జనసామాన్యమునకు పరిచితమైనది మాత్రము ఆయన యంత్రముతోనే. దీనినే ఔట్‌బోర్డు మోటారందురు. పైన ఇంజను, దాని నుండి నీటిలోనికి దిగిన కాలు, ఆ కాలి చివర తిరుగు ఱెక్కలు. ఇంతియే దాని రూపము. నాటుపడవకు తెడ్డు వేరు, చుక్కాని వేరు. ఇచ్చట రెండును ఒక్కటే. ఱెక్కలు నీటిని వెనుకకు నెట్టుచుండగా మోటారును ప్రక్కకు త్రిప్పినచో, ఆ నెట్టుడు దిశ మారి పడవ తిరుగును. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కినవన్నియు దాని వెంట వచ్చును: ఱెక్కలు నెట్టుట మానినచో చుక్కాని దాదాపు లేనట్లే.

ఈ మాటను మేము పుస్తకములో చదివి, నీటిమీద మఱచితిమి. ఒకనాడు ఒక చెఱువులో మాలో ఒకరు పడవ నడుపుచు, రేవు దగ్గఱపడగానే బెదరి, ఇంజను వేగమును ఒక్కసారిగా తగ్గించి, గేరును న్యూట్రలులో వేసి, ఆ పిమ్మట త్రిప్పబోయిరి. పడవ మాట వినలేదు. వచ్చిన ఊపుతో సూటిగా పోయి రాతిమెట్లకు కొట్టుకొనెను. ఒకరి మోచేయి గీరుకొన్నది. అంతటితో పోవుట అదృష్టము. మోటారుకారునకు అలవాటుపడిన చేతికి వేగము తగ్గించుటయే రక్షణగా తోచును. పడవకు బ్రేకు లేదు. రేవునకు చాల దూరముననే నెమ్మదించి, ఇంజనును మందగతిలో ముందు గేరుననే ఉంచి, త్రిప్పదలచినపుడు కొంచెము శక్తి నిచ్చి త్రిప్పవలెను. నిలుపుటకు న్యూట్రలులో ఒక క్షణమాగి, పిదప వెనుక గేరు వేయవలెను. వేగముగా పోవుచుండగా ముందు గేరు నుండి వెనుక గేరునకు మార్చినచో లోని పండ్లచక్రములు విఱుగవచ్చును.

చేతిపిడి ఉన్న మోటారులో ఇంకొక చిక్కు కలదు. పిడిని కుడికి నెట్టిన పడవ ముక్కు ఎడమకు తిరుగును. స్టీరింగు చక్రమున్నదానిలో ఈ తలక్రిందులు లేదు. రెండింటిలోను పడవ తోక మాత్రము ప్రక్కకు జరుగును. అందువలన రేవును ఆనుకొనియుండగా చటుక్కున త్రిప్పిన తోక పోయి మెట్లకు తగులును. నడుపువాడు మణికట్టునకో, లైఫ్‌జాకెట్టునకో తగిలించుకొనవలసిన తాడొకటి యుండును. అతడు నీటిలో పడినచో అది ఊడి, ఇంజను ఆగిపోవును. అది లేనిచో, సరంగు లేని పడవ గుండ్రముగా తిరుగుచు నీటిలోనివాని మీదికే రావచ్చును. వరదనీటి నుండి మనుష్యుని పడవలోనికి లాగునపుడు న్యూట్రలు చాలదు, ఇంజనునే ఆపవలెను.

ఇక సంరక్షణ. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు. తీగకంచె వేసిన నాకాయే తార్నాక యైనదని చెప్పుదురు. మా ప్రసంగమునందలి సారమును తీగయే. చక్రము నుండి మోటారునకును, మీట నుండి గేరునకును పోవునవి సైకిలు బ్రేకుతీగ జాతివే: పైన తొడుగు, లోన జాఱెడి ఉక్కుతీగ. ప్రాంగణము దరిని సైకిళ్ళు బాగుచేయువాని నడుగుడు. తీగ ఒక్కనాటితో తెగదు. ముందు బిఱుసెక్కును, తొడుగు పగులును, తుప్పు పట్టును, అటుపిమ్మట తెగును. పడవకును అంతే. బయలుదేరక మునుపు, ఇంజను ఆగియుండగనే, చక్రమును ఈ కొస నుండి ఆ కొస వఱకు త్రిప్పి చూడుడు. బిఱుసుగా నున్నచో బలముతో లొంగదీయవలదు, కారణము వెదకుడు. మోటారు వద్ద గొట్టములో జాఱెడి ఉక్కుకడ్డీని పూర్తిగా లోనికి పోనిచ్చి గ్రీజు పెట్టవలెను. బయటికి చాచియుండగా పెట్టినచో గ్రీజు లోన చిక్కుకొని కడ్డీనే బిగించివేయవచ్చును. తొడుగు పగిలిన తీగకు నూనె మందు కాదు, దానిని మార్చివేయవలెను.

వెనుకపలక మరలను బిగించి, మోటారునకు గొలుసు వేయుడు. ఇంజను నడచుచుండగా చల్లార్పునీటి ధార బయటికి చిమ్ముచున్నదా అని చూడుడు. మన చెఱువులలోని గుఱ్ఱపుడెక్కయు, ప్లాస్టిక్ సంచులును ఆ నీటిదారిని మూయును. అవి ఱెక్కలకు చుట్టుకొన్నచో, ఇంజను ఆపి, మోటారును పైకెత్తి, అప్పుడే చేయి పెట్టవలెను.

వరదపడవకు ఒక కష్టము కలదు. ఏడాదిలో ఎక్కువ కాలము కొట్టులో పడియుండి, అక్కఱ పడిన రాత్రి ఉన్నపళముగా పనిచేయవలెను. బిగిసిన తీగ ఆ రాత్రి సాకు చెప్పుటకు వీలులేదు. నెలకొకసారి కొద్ది నిమిషములు దానిని కదల్చి చూచిన చేయియే, మేడమీద బిడ్డనెత్తుకొని ఎదురుచూచు తల్లికి భరోసా.