పట్నానికి ముందే వెలసిన పేట

స్మారకోపన్యాసాల్లో రాజవంశాల గురించీ శాసనాల గురించీ మాట్లాడటం ఆనవాయితీ. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న విషయంలో రాజు లేడు, శాసనం లేదు. అప్పటికి రాతే పుట్టలేదు. ఉన్నదల్లా రాతిపెచ్చులు, కుండపెంకులు. ఈశాన్య సిరియాలో, ఇరాక్ సరిహద్దుకు దగ్గర, హమూకార్ అనే ప్రాచీన నగరపు దిబ్బ ఉంది. దానికి దక్షిణంగా ఖిర్బత్ అల్ ఫఖార్ అనే శివారు. ఆరువేల ఏళ్ళకు ముందు అక్కడి పనివాళ్ళు పారేసిన చెత్తను ఆధారం చేసుకుని ఒక్క మాట నిలబెట్టాలని నా ప్రయత్నం: నగరం పుట్టాలంటే ముందు రాజాజ్ఞో గుడి ధాన్యాగారమో ఉండి తీరాలన్న నియమం లేదు. కొన్నిచోట్ల పనీ సరుకూ మనుషులను ముందు పోగుచేశాయి, ఏలేవాళ్ళు తర్వాత వచ్చారు.

నగరం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు చాలాకాలంగా చెలామణిలో ఉన్న జవాబు పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్‌ది. 1950లో అచ్చయిన ‘నగర విప్లవం’ అనే వ్యాసంలో ఆయన తొలి నగరాలకు పది లక్షణాలు చెప్పాడు. స్థూలంగా ఆ వాదన ఇది: రైతు తిండికి పోను మిగిలిన గింజను పన్నుగానో కానుకగానో ఒకచోటికి చేర్చగల అధికారం ఏర్పడింది. ఆ గింజ తిని కుమ్మరి, కంచరి, రాతిపనివాడు పొలం వదిలి తమ పనిలోనే నిలిచారు. దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్ ఈ వాదనకు చక్కగా అతికింది. అక్కడ పెద్ద పెద్ద ఆలయాలున్నాయి, క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది చివరి మట్టిపలకలున్నాయి, వాటి మీద బత్తేల లెక్కలున్నాయి. తన కాలానికి దొరికిన సాక్ష్యాన్ని చైల్డ్ నిజాయితీగానే చదివాడు. చిక్కల్లా ఆ సాక్ష్యంలో ఎక్కువ భాగం ఏలినవారి ఆవరణల నుంచి వచ్చింది. గుడిలో తవ్విన వాళ్ళకు గుడే మూలకారణంగా కనిపించడంలో వింతేముంది?

హమూకార్‌లో 1999లో చికాగో విశ్వవిద్యాలయపు ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్, సిరియా పురావస్తు శాఖ కలిసి తవ్వకం మొదలుపెట్టాయి. మొదట మెక్‌గ్వైర్ గిబ్సన్, తర్వాత క్లెమెన్స్ రైషెల్, సలాం అల్ కుంతార్ ఆ పని నడిపించారు. దక్షిణ శివారులో పెంకులూ పెచ్చులూ పరుచుకున్న మేర దాదాపు 300 హెక్టార్లు, అంటే సుమారు 740 ఎకరాలు. కాలం క్రీ.పూ. ఐదో సహస్రాబ్ది రెండో సగం. ఉరుక్ మట్టిపలకలు ఇంకా వెయ్యేళ్ళ దూరంలో ఉన్నాయి. నేల మీద విస్తారంగా దొరికింది అబ్సిడియన్, లావా గబుక్కున చల్లారినప్పుడు ఏర్పడే నల్లని గాజురాయి. హమూకార్ పరిసరాల్లో ఆ రాయి పుట్టదు. లమ్యా ఖాలిదీ, బెర్నార్ గ్రతూజ్ తదితరుల రసాయన పరీక్షల్లో అది తూర్పు తుర్కియే రాయి అని, ముఖ్యంగా వాన్ సరస్సు దగ్గరి నెమ్రుత్ దాగ్ అగ్నిపర్వతానిదని తేలింది. నేరుగా కొలిచినా ఆ కొండ 200 కిలోమీటర్ల దూరం. బండిచక్రం ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో ఆ రాయి కొండలు దిగి వచ్చింది. వచ్చిన రాయితో బ్లేడ్లు ఎలా చేశారో పెచ్చులే చెబుతాయి. రాతిదిమ్మ పైభాగాన్ని ముందు చదును చేయాలి. తర్వాత అంచు మీద సరైన చోట ఒత్తిడి పెడితే దిమ్మ పొడవునా పలుచని బ్లేడు ఊడివస్తుంది. ఆ గాడి పక్కనే ఇంకొకటి, దాని పక్కన మరొకటి. తీయగా తీయగా దిమ్మ సన్నబడి చేతికి ఆననప్పుడు అవతల పారేస్తారు. అలా పనికిరాకుండా పోయిన దిమ్మలు, చదును చేసేటప్పుడు రాలిన పెచ్చులు శివారులో దొరికాయి. బ్లేడు కొన్నవాడి వెంట ఊరు దాటిపోతుంది, పెచ్చు మాత్రం చేసినచోటే పడి ఉంటుంది. ఉత్పత్తి ఎక్కడ జరిగిందో తేల్చడానికి పెచ్చును మించిన సాక్షి లేదు.

నా వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే. నేల మీద పెంకులు ఏరి విస్తీర్ణం కొలిస్తే, నాగలి చెదరగొట్టినవీ తరతరాలుగా ఇళ్ళు చోటు మారినప్పుడు మిగిలినవీ కలిసి ఒకే పెద్ద ఊరిలా కనిపించవచ్చు. 740 ఎకరాల్లో ఒకేసారి జనం కిక్కిరిసి ఉన్నారని నేను అనను. తవ్విన పరిశోధకులూ అనలేదు. అల్ కుంతార్, ఖాలిదీ, జేసన్ ఉర్ 2011లో దీన్ని పల్చగా, ఎడం ఎడంగా విస్తరించిన నివాసంగా, నగరానికి పూర్వరూపంగా వర్ణించారు. ఈ సవరణ నా వాదనకు మేలే చేస్తుంది. గోడలు కట్టి, వీధులు తీర్చి, జనాన్ని ఒకచోట కూర్చోబెట్టిన చేయి ఏదైనా ఉంటే నివాసం ఇంత చెల్లాచెదురుగా పెరిగేది కాదు. రాయి వచ్చే దారికీ, సరుకు పోయే దారికీ అందుబాటులో ఎవరికి వారు వచ్చి దిగినట్టుంది ఆ అమరిక. తవ్వినంత మేర రాజభవనం బయటపడలేదు. తవ్వింది కొంచెమే కాబట్టి లేదని తీర్పు చెప్పను. కానీ ఉందని రుజువు చేయవలసిన భారం ఉందనేవారిదే.

రెండో అభ్యంతరం తెల్ బ్రాక్ నుంచి వస్తుంది. హమూకార్‌కు పడమటగా 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దిబ్బను 1937-38లో మాక్స్ మాలోవన్ తవ్వాడు. 1976 నుంచి డేవిడ్ ఓట్స్, జోన్ ఓట్స్ కొనసాగించిన తవ్వకాల్లో ఐదో సహస్రాబ్ది చివరినాటి ఒక భారీ కట్టడం బయటపడింది. దాని గుమ్మానికి ఏకశిల బసాల్టు గడప. ఆ చోటే అబ్సిడియన్, చెకుముకి, పాలరాయి, ముత్యపుచిప్ప పనుల ఆనవాళ్ళు, ముద్రలు దొరికాయి. నల్లని అబ్సిడియన్‌నూ తెల్లని పాలరాతినీ సహజమైన తారుతో అతికించి చేసిన పానపాత్ర కూడా దొరికింది. అది ఇంట్లో రోజూ వాడుకునే పాత్ర కాదు, గొప్పవారి ముచ్చట. అంటే ఏలినవారు అక్కడ ఉన్నట్టే కదా అంటారు. సంపన్నులున్నారు, సరుకు మీద పట్టున్నవారున్నారు, ఒప్పుకుంటాను. అయితే ముద్ర కాపాడేది మూతినీ తలుపునూ. దానితో ఊరంతటినీ శాసించినట్టు కాదు. పైగా 2007లో జేసన్ ఉర్, ఫిలిప్ కార్స్‌గార్డ్, జోన్ ఓట్స్ ప్రకటించిన సర్వేలో బ్రాక్ పెరిగిన తీరు తెలిసింది. నడిమి దిబ్బ చుట్టూ దూరదూరంగా వేర్వేరు పేటలు ముందు వెలిశాయి, ఆ తర్వాతే ఖాళీలు పూడుతూ ఊరు లోపలికి అల్లుకుంది. ఒక్క అధికారం గీసిన పథకం ప్రకారం ఊరు బయటి నుంచి లోపలికి ఇలా పెరగడం కష్టం.

ఇక దక్షిణ ఇరాక్ సంగతి. ఉరుక్ అడుగుపొరలు ఒండ్రు కింద, తర్వాతి కట్టడాల కింద పూడిపోయాయి. కాబట్టి ఉత్తరం ముందా, దక్షిణం ముందా అన్న పందెంలో నేను దిగను, ఆ పోలిక న్యాయం కాదు. ఉరుక్‌లో గుడి చుట్టూనే నగరం అల్లుకుని ఉండవచ్చు. ఆ ఒక్క దారిని అన్ని నగరాలకూ సూత్రం చేయడమే నాకు అభ్యంతరం. హమూకార్ తర్వాతి కథ వేరు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో ప్రధాన దిబ్బ మీది భవనాలు దాడిలో కాలిపోయాయి. శిథిలాల్లో వెయ్యికి పైగా మట్టి వడిసెల గుండ్లు దొరికాయి. అబ్సిడియన్ పేట అప్పటికే ముగిసిన అధ్యాయం.

2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక ఈ తవ్వకాలు ఆగిపోయాయి. శివారులో చాలా భాగం ఇంకా పార పడని నేలే. ఇక్కడ ఉన్న చరిత్ర విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: తవ్వకం నివేదిక చేతికి వస్తే ఆలయం, సమాధుల పుటలు దాటి చివర్లో ఉండే పెచ్చులు, పెంకుల పట్టికలు ముందు చదవండి.