మా తండ్రిగారి బర్మా ఖాతా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఆంధ్ర మహాభారతమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను కాను. ఏ గురువునొద్దను కూర్చుండి చదివినవాడను కాను. పగలు సహకార సంఘపు చిట్టా ఆవర్జాలు వ్రాసికొని, సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద పద్యము చూచి తాత్పర్యమును, తాత్పర్యము చూచి మరల పద్యమును పట్టుకొన్నవాడను. కరణీకములు 1984లో రద్దయినను మన ఊరివారు నన్ను కరణముగారనియే పిలుచుచున్నారు. ఆ కరణీకము మా పెదతండ్రిగారిది. నాకు లెక్కల వాసన మాత్రమే దక్కినది. కావున భారతోపన్యాసమును అర్హులకు విడిచి, ఈ అరుగుమీద జరిగిన యొక సంగతిని విన్నవించెదను. అది మా ఇంటి సంగతి. అయినను మీలో పలువురు దానిని కన్నులార చూచినవారే.

2000 సంవత్సరమున పాత సావడిలో రెండు బీరువాలతో ఈ గ్రంథాలయము వెలసినది. పుస్తకముల కెందరు వచ్చిరో రిజిష్టరు చెప్పును గాని, కబుర్ల కెందరు వచ్చిరో చెప్పదు. ఎవరి కుమార్తెకు సంబంధము కుదిరినను, ఎవరి మనుమడు పదవ తరగతి గట్టెక్కినను, ఎవరి గేదె ఈనినను ఆ వార్త మొదట ఇచ్చటికి రావలసినదే. మా పెద్దమ్మాయి శుభలేఖ మొదటి ప్రతి దేవుని ముందు పెట్టి, రెండవది ఇచ్చటి బల్లమీద పెట్టితిని. నా మనుమరాలి అక్షరాభ్యాసమును ఈ గదిలోనే చేసితిమి. పళ్లెము తెచ్చుట మరచి వార్తాపత్రిక పరచి బియ్యము పోసితిమి. పిల్ల 'ఓం' వ్రాయుటకు మారుగా అందలి బొమ్మలను వెదకినది. ఇట్టివన్నియు పంచుకొనదగినవే. పంచుకొనుటకు నాకు హక్కులేని దానినొకదానిని కూడ నేను పంచితిని.

మా తండ్రిగారు 1922లో జన్మించిరి. ఇంట రెండవవారగుటచే కరణీకము వారికి రాదు. అందుచే 1939లో, పదునేడేండ్ల వయస్సున, కాకినాడ రేవునుండి రంగూనునకు ప్రయాణమైరి. ఆనాడు కాకినాడలో ఓడ ఒడ్డునకు వచ్చెడిది కాదు. దూరమున లంగరు వేసికొని యుండెడిది, పడవలమీద పోయి ఎక్కవలసి యుండెను. వారితోకూడ మన ఊరి రైతుబిడ్డ యొకడు వెళ్లెను. ఆయన మా తండ్రికంటె రెండేండ్లు పెద్ద. మా తండ్రి బియ్యపు మిల్లులో గుమాస్తాగా కుదిరిరి. ఆయన ఓడరేవులో మూటలు మోసెడివాడు. ఒకే గదిలో కాపురము, ఒకే కుండలో వంట. ఈ సంగతి తెలిసి తరువాత మా నాయనమ్మ ప్రాయశ్చిత్తము చేయించినదట.

అప్పటికే బర్మా వేరు రాజ్యము. 1937 ఏప్రిలు 1వ తేదీన హిందూదేశమునుండి విడదీయబడినది. అయినను తెలుగువారి రాకపోకలు తగ్గలేదు. కోరంగి రేవునుండి తొలుత పోయినవారి కారణమున తెలుగువారికందరికిని అచ్చట కోరంగీలనియే పేరు. ఆ పేరులో గౌరవము తక్కువ. 1930లో ఓడరేవు కూలిపని విషయమున తెలుగువారికిని బర్మావారికిని రంగూనులో రక్తపాతము కూడ జరిగినది. ఇవన్నియు తెలిసియే మనవారు పోయిరి. ఇచ్చట కడుపు నిండిన ఎవరు పోదురు?

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు కురిపించిరి. ఒక్కదినము విడిచి క్రిస్మసునాడు మరల వచ్చిరి. విమానము చూచుటకు వీధిలో నిలువబడిన వారే మొదట చచ్చిరని మా తండ్రి చెప్పెడివారు. ఓడలలో చోటు చాలినంత లేదు, ఉన్నదియు డబ్బున్నవారికి. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది. అంతకుముందే వీరిద్దరును రైలుమీద మాండలే చేరి శరణార్థుల శిబిరములో పడిరి. ఏప్రిలు 3న మాండలే తగులబడినది. మూడు దినముల తరువాత, 6వ తేదీన, విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడినవి. మా మేనత్త కాకినాడనుండి పిల్లలతో బండి కట్టించుకొని ఊరు చేరినది. కొడుకు అగ్నిలో, కూతురు అగ్నిలో; నడుమ మా నాయనమ్మ ఎట్లుండెనో మీరే ఊహింపుడు.

మాండలేనుండి మొన్యువా, అచ్చటినుండి చింద్విను నదిమీద కలేవా, ఆపైన కాలినడకను టమూ, కొండలు దాటి మణిపురము. ఆ ఏడు సుమారు అయిదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరని అంచనా. అందు వేలకొలది జనులు దారిలోనే కలరాకును, మలేరియాకును, ఆకలికిని బలియైరి. టమూ దాటినపిమ్మట తెల్లవారికి నీళ్లును బసయు గల దారియొకటి, మనవారికి మరియొకటి. ఆ భేదమును ఆనాడే మన దేశనాయకులు ఖండించిరి.

మే నెలలో మా తండ్రి ఇల్లు చేరిరి, ఒంటరిగా. మిత్రుడు కలరాతో మరణించెననియు, తన చేతులమీదుగా అగ్ని సంస్కారము చేసితిననియు ఆయన తల్లితో చెప్పిరి. ఆమె ఆ మాటమీద కర్మ చేయించినది. పెండ్లియైన పిదప మా అమ్మకు చెప్పినదియు అదే. అమ్మ నాకు చెప్పినది. నేను మిత్రులకు చెప్పితిని. చెప్పిన ప్రతిసారియు ఒక్కొక్క కొండ పెరిగినది. చివరకు నా కథలో మా తండ్రి జబ్బుపడిన మిత్రుని భుజముపై మోసికొని రెండు దినములు నడచిరి! ఎవరును నన్ను మోయుట సంగతి ఎక్కడిదని అడుగలేదు. నేనును నన్ను అడిగికొనలేదు. సంఘపు లెక్కలలో ఓచరు లేని పద్దును ఒక్కదానిని ఒప్పుకొనని నేను, మా ఇంటి కథలో మాత్రము కలిపినదెల్ల జమకట్టుకొంటిని.

ఒక గుర్తు ఉండెను, నేను గమనింపలేదు. 2002లో ఇచ్చట సాయంకాలములందు తిక్కనగారి భారతము చదువుకొనుచుంటిమి. మా తండ్రి ఒక్కనాడు తప్పక వచ్చెడివారు. మహాప్రస్థానిక పర్వము వచ్చినది. ద్రౌపది పడును, సహదేవుడు పడును, నకులుడు పడును. ధర్మరాజు వెనుకకు తిరిగి చూడక నడచును. ఆ ఘట్టమున మా తండ్రి చేతికర్ర తీసికొని లేచి పోయిరి. మరునాడును రాలేదు. నేను మోకాళ్ల నొప్పులనుకొంటిని.

2003లో వారికి సహస్రచంద్ర దర్శన శాంతి చేసితిమి. భోజనములైన తరువాత ఈ అరుగుమీదనే మిత్రులందరును కూడిరి. రెండు మాటలు చెప్పుమనిరి. నేను లేచి నా కొండలను, నా భుజములను అన్నిటిని వర్ణించితిని. మరణించినవాని తమ్ముడు డెబ్బదియేండ్లవాడు, ముందు వరుసలోనే కూర్చుండి కన్నీరు తుడుచుకొనుచుండెను. అప్పుడు మా తండ్రి కుర్చీలోనుండియే పలికిరి.

"ఒరే అబ్బాయ్, ఆపు. అది అబద్ధం. నేను మోయలేదు. వాడికి ప్రాణం ఉండగానే వదిలేసి వచ్చాను."

ఆ తరువాత ఎంతసేపు ఎవరును మాటలాడలేదో నాకు జ్ఞాపకములేదు. ఆ తమ్ముడు లేచి, తాంబూలము పుచ్చుకొనకయే వెళ్లిపోయెను. నేను ఆ రాత్రి మా తండ్రిపై మిక్కిలి కోపించితిని; నిజము చెప్పినందులకు కాదు, నలుగురిలో నన్ను అబద్ధీకుని చేసినందులకు. సిగ్గుతో చెప్పుచున్నాను.

ఇరువది దినములకు ఆయన మా ఇంటికి వచ్చెను. అరుగుమీద కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

"పంతులుగారూ, ఒక్క మాట అడుగుతాను. అప్పుడు మా అన్నకి తెలివుందా?"

"ఉంది."

"ఏమన్నా అన్నాడా?"

"పొమ్మన్నాడు. పొమ్మన్నాడు గనక పోయాననుకోకు తమ్ముడూ. అనకపోయినా పోయేవాణ్ణి. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు, వాన మొదలైంది, నాకూ జ్వరం."

"నీళ్లు తాగాడా?"

"నా సీసా వాడి పక్కన పెట్టాను. తాగాడో లేదో చూడలేదు."

ఆయన చాలసేపు నిలువబడి, "మా అమ్మ మీరు చెప్పిన ఆ అగ్నిహోత్రం మాట పట్టుకునే బతికిందండీ" అనెను. అది మెచ్చికోలో, నిష్ఠురమో నాకిప్పటికిని తెలియదు. తరువాత మజ్జిగ అడిగి పుచ్చుకొని వెళ్లెను. మరునాటి సాయంకాలమునుండి గ్రంథాలయమునకు వచ్చి మా తండ్రి ప్రక్కన కూర్చుండెడివాడు. ఏమి మాటలాడుకొనిరో ఎవరును వినలేదు. ఎక్కువగా వానలను గూర్చియే అయి యుండును. 2009లో మా తండ్రి పోయినప్పుడు పాడె పట్టిన నలుగురిలో ఆయన పెద్ద కొడుకొకడు.

మా తండ్రి పెట్టెలో చిన్న చిట్టా పుస్తకమొకటి దొరికినది. రంగూను ఖర్చులు 1942 ఫిబ్రవరి వరకు వరుసగా నున్నవి. తరువాత రెండు పుటలు ఖాళీ. ఆపైన మిత్రుని పేర ఖాతా: 'వాని నడుమునుండి పుచ్చుకొన్నది రు. 60.' దానికెదుట 1943 మొదలు ప్రతి సంక్రాంతికిని ఆ తల్లికి చెల్లించిన అయిదేసి రూపాయలు. ఆమె 1961లో మరణించువరకు పందొమ్మిది పద్దులు. అసలు 60, చెల్లినది 95. వడ్డీ అని ఎక్కడను వ్రాయలేదు. అప్పు ఎన్నడో తీరినను చెల్లింపు ఆపలేదు. ఆమె పోయిన పిదప అడుగున గీత గీసి ఖాతా మూయను లేదు. లెక్కలు వ్రాయువానిగా నేను ఇట్టి ఖాతాను మరియొకచోట చూడలేదు. పుటల నడుమ అయిదు రూపాయల నోటొకటి యున్నది. మన దేశపు నోటే. బర్మాలో మాత్రమే చెల్లునని దానిమీద ఆంగ్లమున అచ్చొత్తియున్నది.

ఈ సంగతి నేడు చెప్పుటకు ముందు ఆ కుటుంబము వారిని అడిగితిని. ఈసారి అడిగియే చెప్పుచున్నాను. పేర్లు చెప్పవద్దనిరి, చెప్పలేదు. ఆ చిట్టాను, నోటును రెండు కుటుంబముల పక్షమున రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించితిమి. రెండవ బీరువాలో పైయరలో నున్నది. చూడగోరువారు గ్రంథపాలకుని అడిగి ఇచ్చటనే కూర్చుండి చూడవచ్చును. ఇంటికి మాత్రము ఇయ్యబడదు.