పాము నాలుక ఎందుకు ఆడిస్తుంది?

యూట్యూబ్‌లో ఏ పాము వీడియో చూసినా, అది నాలుక బయటపెట్టగానే కింద కామెంట్లు మొదలవుతాయి: "అమ్మో, కాటేస్తుంది!" విషం ఆ నాలుకలోనే ఉంటుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. విషం వచ్చేది కోరల నుంచి. నాలుక చేసే పని వాసన పట్టడం.

ఎలాగంటే, పాము నోరు తెరవక్కర్లేదు. పై పెదవి దగ్గరున్న చిన్న సందులోంచే నాలుక బయటికొస్తుంది. గాల్లో, నేల మీద ఉన్న రసాయన కణాలు దానికి అంటుకుంటాయి. నాలుక లోపలికెళ్లాక అవి అంగిట్లోని రెండు సన్నని రంధ్రాల గుండా ఒక ప్రత్యేక అవయవానికి చేరతాయి. అదే జాకబ్‌సన్ అవయవం. 1813లో దీన్ని వివరించిన డెన్మార్క్ శాస్త్రవేత్త లుడ్విగ్ జాకబ్‌సన్ పేరే దానికి పెట్టారు.

మరి నాలుక రెండుగా ఎందుకు చీలింది? శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మన రెండు చెవులు పోల్చి చెప్తాయి కదా, ఇదీ అంతే. ఏ కొనకి వాసన ఎక్కువ తగిలితే పాము అటు తిరుగుతుంది. ఎలుక జాడైనా, ఆడపాము జాడైనా అలాగే వెతుక్కుంటూ పోతుంది. 1994లో కర్ట్ ష్వెంక్ అనే శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఈ వివరణే ఇచ్చారు.

ఈ అవయవం పాములకే కాదు. దున్నపోతు బర్రె మూత్రం వాసన చూసి, తలెత్తి పై పెదవి ముడుస్తుంది చూశారా? "నవ్వుతోంది" అంటాం. నిజానికి అది ఆ వాసనని ఇదే అవయవానికి పంపిస్తోంది. బర్రె ఎదకొచ్చిందో లేదో తెలుసుకునేది అలాగే.

మనకి? కడుపులో ఉన్నప్పుడు ఈ అవయవం ఏర్పడటం మొదలవుతుంది, కానీ పెద్దయ్యాక పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. దానికి కీలకమైన టీఆర్‌పీసీ2 అనే జన్యువు మనలో చెడిపోయి ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎవరూ డిలీట్ చేయని పాత కోడ్. ఫైల్‌లో ఉంటుంది, రన్ అవ్వదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, విషం లేని జెర్రిపోతు, పొలంలో ఎలుకలు తిని రైతుకి మేలు చేసే పాము, నాలుక ఆడించిందని కర్ర దెబ్బ తింటోంది. ఆ నాలుక బెదిరింపు కాదు, "ఎదురుగా ఏముంది?" అనే ప్రశ్న. అలాగని దగ్గరికి వెళ్లకండి. విషం ఉందో లేదో నాలుక చూసి చెప్పలేం. వెనక్కి జరగండి, పాములు పట్టేవాళ్లకి ఫోన్ చేయండి. కాటు పడితే మాత్రం మంత్రాలు వద్దు, నేరుగా ఆసుపత్రికే.

ఈ వీడియో మీ ఊరి గ్రూప్‌లో షేర్ చేయండి.