బర్రెకు వేసిన బూజు గింజ మన గ్లాసులోకే వస్తది



ఈ శుక్రవారం జీతాలు, అకామాల ముచ్చట పక్కన పెడదాం. ఇంటికాడి బర్రె గురించి మాట్లాడుకుందాం. మనలో చాలామంది ఇక్కడి నుంచి పంపిన పైసలతోనే ఊళ్లో ఒకటో రెండో బర్రెలు కొన్నారు. ఆ పాలు మన పిల్లలు తాగుతరు, మిగిలినవి పాలకేంద్రంలో పోస్తరు.

మక్కలు వానకు తడిసి బూజు పడితే ఇంట్లో ఏమంటరు? "మనం తినలేం, బర్రెకు పెట్టు" అంటరు. కష్టపడి పండించిన గింజను పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ ఆ బూజు బర్రె కడుపులోనే ఆగిపోదు.

ఆస్పర్‌జిల్లస్ అనే ఒక రకం బూజు ఉంది. అది మక్కల మీద, పల్లి చెక్క మీద, పత్తిగింజల చెక్క మీద పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తది. పశువు ఆ దాణా తింటే, విషం దాని కాలేయంలో కొంచెం రూపం మార్చుకొని ఒక్క రోజులోనే పాలలోకి వస్తది. తిన్నదంతా రాదు, వందలో ఒకటి రెండు వంతులే వస్తది. అంతేనా అనుకోకండి. కిలో పాలలో ఇది 0.5 మైక్రోగ్రామ్ దాటొద్దని మన దేశంలో నియమం. మైక్రోగ్రామ్ అంటే గ్రాములో పది లక్షల వంతు. యూరప్‌లో నియమం దీనికి పదింతలు కఠినం.

ఈ విషం సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినయి. కారణం వెతికితే, బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క దాణాలో దొరికింది. మన దేశంలో 2018లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ 6,432 పాల నమూనాలు పరీక్ష చేయిస్తే, 368 నమూనాల్లో ఈ విషం పరిమితి దాటి ఉంది. పాలలో నీళ్లు కలిపిండ్రా, యూరియా కలిపిండ్రా అని మనం అనుమానపడతం. దీన్ని మాత్రం ఎవరూ కలపలేదు, దాణాలోంచే వచ్చింది.

ఒక గ్లాసు తాగినంత మాత్రాన ఏమీ కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఏండ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ ప్రమాదం పెరుగుతది. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒంటి బరువుతో పోలిస్తే ఎక్కువ పాలు తాగేది చిన్నపిల్లలే. కాగబెడితే పోతదా? పోదు. తోడేస్తే పెరుగులోకీ వస్తది.

అట్లని పాలు మానేయమని చెప్పడం లేదు. మంచి దాణాకు మారితే మూడు నాలుగు రోజుల్లోనే పాలలో ఈ విషం బాగా తగ్గిపోతది. ఇంట్లోవాళ్లకు ఇవి చెప్పండి:

1. మక్కలు బాగా ఎండినాకనే బస్తాల్లో నింపాలి. బస్తాలను నేల మీద కాకుండా కట్టెల మీద, గోడకు ఎడంగా పెట్టాలి.

2. పల్లి చెక్క ఒకేసారి ఎక్కువ కొనిపెట్టొద్దు. వానకాలంలో కొంచెం కొంచెంగా కొనాలి.

3. బూజు పట్టినదాన్ని కడిగినా, ఎండబెట్టినా విషం పోదు. మంచి దాణాలో కలపొద్దు, కోళ్లకూ వేయొద్దు. గుంత తీసి పూడ్చాలి.

4. దాణా బస్తా కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన తేదీ చూడాలి.

పాతిక కిలోల మక్కలు పారబోస్తే పోయేది కొన్ని వందల రూపాయలు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, పైసలు అందినయా అని అడిగినాక, బర్రెకు ఏం పెడుతున్నరో కూడా అడగండి.