మద్యం మానే మనిషికి మాతృభాషలో తోడు

 

మన వేదికలమీద సాధారణంగా బడి గురించీ, పాఠ్యపుస్తకం గురించీ మాట్లాడుకుంటాం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 2006లో తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఈ రెండింటి ఫలితం మీ ఇళ్ళలోనే ఉంది, నేను వివరించనక్కరలేదు. ఈనాడు నేను బడికి వెలుపలి హక్కు ఒకటి మీ ముందుంచుతాను. తాగుడు మానదలచిన మనిషికి తన భాషలో సాయం అందాలి. ఆ సాయాన్ని ఫోనుద్వారా అందించే యాప్ ఎలా ఉండాలన్నదే నా ప్రసంగ విషయం.

తాగుడుకూ భాషకూ సంబంధమేమిటని అడగవచ్చు. నెల్లూరు జిల్లాను గుర్తుచేసుకోండి. 1990 దశకం తొలినాళ్ళలో రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు, తమ తెలుగు వాచకంలోని పాఠం చదివి సారా దుకాణాలమీదికి కదిలారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధమూ, 1995 జనవరిలో మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. దుకాణం మూయించడానికి ఉద్యమం చాలింది. మనిషిలోని యావను తగ్గించడానికి మాత్రం వైద్యమూ, ఓపికగా మాట్లాడే తోడూ కావాలి.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడు బాధితులిద్దరు ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. ఈ చికిత్సలో మాటే సగం మందు. సంతలో, కచేరీలో మనం తమిళం చక్కగా మాట్లాడతాం. ఆ భాషమీద మనకు ద్వేషం లేదు. అయితే బిడ్డ ఫీజు డబ్బు తాగేశానని చెప్పవలసివచ్చినప్పుడు మనిషికి తల్లిభాషే నోట వస్తుంది. నా దగ్గరకు సలహాకు వచ్చిన కుటుంబాల్లో, తండ్రి తెలుగులో చెప్పింది కూతురు తమిళంలో తిరిగి చెప్పవలసివచ్చిన సందర్భాలు విన్నాను. పన్నెండేళ్ళ పిల్ల ముందు ఏ తండ్రి నిజం పూర్తిగా చెబుతాడు? చెప్పని నిజానికి వైద్యం ఎలా చేస్తారు?

చట్టం మనవైపే ఉంది. 2018 మే 29నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. చికిత్స గురించి నిర్ణయించుకునే మనిషికి, అతనికి అర్థమయ్యే సులభమైన భాషలో సమాచారం ఇవ్వాలని 4వ సెక్షను చెబుతున్నది. 23వ సెక్షను గోప్యతను హక్కుగా గుర్తించింది.

ఇక యాప్ సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు ఏ-చెస్ అనే యాప్‌ను, చికిత్స ముగించి ఇంటికి వెళ్ళే 349 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు 30 రోజుల్లో మితిమీరి తాగిన రోజులు యాప్ ఉన్నవారిలో సగటున 1.39, లేనివారిలో 2.75. ఆపదలో నొక్కే సహాయపు బొత్తామూ, తాగే చోటు దగ్గరపడితే హెచ్చరికా అందులో ఉన్నాయి. ఇలాంటిది మనకు పనికిరావాలంటే దాన్ని మన ఇంటి తీరుకు మలచుకోవాలి.

మొదటిది గొంతు. మన యువకుల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తెలుగు అక్షరాలతో నింపిన యాప్ వారికి మూసిన తలుపే. మాట తెలుగులో వినిపించాలి. రాత తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి. ఆ గొంతు మన పళ్ళిపట్టు మగ్గాలవద్ద వినబడే తెలుగై ఉండాలి.

రెండవది పదం. 'తాగుబోతు' అన్న మాట అందులో ఎక్కడా ఉండరాదు. మళ్ళీ ఒకరోజు తాగినవాణ్ణి లెక్క సున్నాకు చేర్చి అవమానించరాదు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదిలో రోజుకొక మెట్టు. ఒక మెట్టుమీద కాలు జారినవాడు కిందనుంచి మళ్ళీ మొదలుపెట్టనక్కరలేదు.

మూడవది గుట్టు. మన ఇళ్ళలో ఒక ఫోను నలుగురి చేతుల్లో తిరుగుతుంది. కనుక రహస్య సంఖ్య ఉండాలి. పైకి కనిపించే పేరు విషయాన్ని బయటపెట్టరాదు. మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టే సదుపాయం అతడు ఒప్పుకుంటేనే పనిచేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే విన్నపాన్ని ఎనిమిదవ షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలి. ఆ భాషల్లో తెలుగు ఒకటి.

నాల్గవది హద్దు. ఏళ్ళ తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, చెమటలు, మూర్ఛ, లేనివి కనిపించడం జరగవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. అందువల్ల యాప్ మొదటి మాటే 'ముందు డాక్టరును చూడండి' అని ఉండాలి. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలిమానస్ 14416 సంఖ్యలు ఒక్క నొక్కుతో కలవాలి. ఈ సంఖ్యలకు ఫోను చేసినప్పుడు తెలుగు కావాలని అడగండి. అడిగేవారుంటేనే ఆ భాషకు మనుషులను పెడతారు.

ఇందుకు కోట్లు అక్కరలేదు. తాగుడు మానినవారు నలుగురు, వారి ఇల్లాళ్ళు నలుగురు, ఒక డాక్టరు, యాప్ రాయగల మన పిల్లలు ఇద్దరు చాలు. ముందుగా ఇరవై మాటలు మన గొంతుతో రికార్డు చేద్దాం. జీతమందిన సాయంత్రం దుకాణం దాటి ఇంటికి నడిచే మనిషికి ఏ మాట వినబడాలో ఈ సభలోని అక్కచెల్లెళ్ళకన్న బాగా తెలిసినవారు లేరు.

దానితోపాటు ప్రభుత్వానికి మహజరు పంపుదాం: జిల్లాలోని వ్యసన విముక్తి చికిత్సాలయాల్లో తెలుగు మాట్లాడే సలహాదారును నియమించాలని. రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో విన్నపం సమర్పించే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది కనుక ఆ మహజరును తెలుగులోనే రాద్దాం. మీ సంతకాలకోసం కాగితం ద్వారంవద్ద బల్లమీద ఉంది.