కామంచిలో ఎన్ని జాతులు?
డెల్టా మొక్కలు, క్రోమోజోముల లెక్క: స్మారకోపన్యాస పాఠం



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఇలాంటి సభలకు వెళ్లొచ్చాక ఒకటే అడిగేవారు: "ఆయన గురించి చాలా చెప్పారు సరే, ఆయన చేసిన పని గురించి ఎవరైనా ఒక్క ముక్క చెప్పారా?" అందుకని ఈ సాయంత్రం మాస్టారికి ఇష్టమైన పని గురించే మాట్లాడతాను. అడవిమొక్కల కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టడం, ఆ లెక్క ఆధారంగా వర్గీకరణలో పడ్డ చిక్కులు విప్పడం ఆ పని.

అడవిమొక్క అనగానే నల్లమల దాకా పోనక్కర్లేదు. ఎవరూ విత్తకుండా మొలిచిందల్లా మనకు అడవిమొక్కే. కొమ్మమూరు కాలువ గట్టు, తెనాలి మాగాణి బోదెలు, రేపల్లె వైపు కృష్ణ లంకలు, నిజాంపట్నం మడ అడవులు, సూర్యలంక ఇసుక మేటలు, అన్నీ ఈ పనికి పనికొచ్చే చోట్లే. నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ఇది: ఆకు, పువ్వు, కాయ చెప్పలేని చుట్టరికాన్ని క్రోమోజోముల సంఖ్య చెబుతుంది. కానీ ఆ సంఖ్య ఏ మొక్కదో చూపించడానికి ఆ మొక్క మన దగ్గర ఉండాలి. మొక్కను దాచకుండా రాసిన అంకె సాక్షి సంతకాలు లేని దస్తావేజు లాంటిది.

ఒక పేరు, మూడు లెక్కలు

కామంచి మీకందరికీ తెలిసిందే. పెరట్లో, పశువుల పాక వెనక, కాలువ గట్టున, ఎక్కడ తడి ఉంటే అక్కడ మొలుస్తుంది. తెల్లటి చిన్న పూలు, మిరియం కన్నా కాస్త పెద్ద కాయలు. పండినవి పిల్లలు కోసుకుని తింటారు. ఆకు కూర వండేవాళ్లున్నారు. ఆయుర్వేదంలో కాకమాచి అంటే ఇదే. 1753లో లిన్నేయస్ దీనికి సొలానమ్ నైగ్రమ్ అని పేరు పెట్టి, కొద్ది తేడాతో కనబడిన రూపాలను దాని కిందే రకాలుగా చేర్చాడు. 1768లో ఫిలిప్ మిల్లర్ ఇలాంటి మొక్కలకే సొలానమ్ అమెరికానమ్, సొలానమ్ విల్లోసమ్ అని జాతి పేర్లు పెట్టాడు. అప్పటినుంచి వృక్షశాస్త్రజ్ఞులు రెండు పక్షాలయ్యారు: అంతా ఒకటే జాతి అనేవాళ్లు, కాదు వేరు అనేవాళ్లు. ఆకు అంచు, నూగు, మొక్క ఎత్తు నేలను బట్టి, నీడను బట్టి మారిపోతాయి. అందుకే కంటితో చూసి తేల్చుకోవడం ఎవరివల్లా కాలేదు.

కణంలోకి చూసినప్పుడు వాదానికి ఒక ఆధారం దొరికింది. కామంచి చెందిన కుటుంబంలో ఎక్కువ మొక్కలకు మూల సంఖ్య 12, అంటే ఒక జట్టుకు 12 క్రోమోజోములు. వంకాయకు 24, టమాటాకు 24, మిరపకు 24 క్రోమోజోములు. కామంచి గుంపులో మాత్రం కొన్ని మొక్కలకు 24, కొన్నిటికి 48, కొన్నిటికి 72 ఉన్నాయి. 24 ఉన్నది అమెరికానమ్. దాని పండ్లు నల్లగా నిగనిగలాడతాయి, కాయ ముదిరాక అడుగున రక్షకపత్రాలు వెనక్కి మడుచుకుంటాయి. 48 ఉన్న విల్లోసమ్ పండ్లు నారింజ రంగుకో ఎరుపుకో తిరుగుతాయి. 72 ఉన్నదే అసలు నైగ్రమ్. దీని నల్ల పండుకు మెరుపు తక్కువ. లెక్క తెలిశాక ఈ గుర్తులను ఎక్కడ వెతకాలో తెలిసింది. అంతకుముందు కూడా అవి మన కళ్లెదుటే ఉన్నా, వాటికి ఏపాటి విలువ ఇవ్వాలో తెలియలేదు.

ఈ చిక్కు మీద మన రాష్ట్రంలోనే మంచి పని జరిగింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య జె. వెంకటేశ్వర్లు గారు, ఆయన శిష్యులు కామంచి గుంపును తీసుకుని లెక్కతో ఆగలేదు. ఒకదానితో ఒకటి సంకరం చేసి, గింజ కడుతుందా లేదా, కట్టినా ఆ గింజ నుంచి వచ్చిన మొక్క మళ్లీ గింజ కడుతుందా అని చూశారు. ఆ జాతుల మధ్య అడ్డుగోడలు ఎక్కడున్నాయో చెప్పే వ్యాసం 1972లో 'సైటాలజియా' పత్రికలో వచ్చింది.

ఆ అడ్డుగోడ ఎలా లేస్తుందో కాగితం మీద కూడిక వేసుకుంటే చాలు. 24 మొక్క పుప్పొడిలో 12, 48 మొక్క అండంలో 24. కలిస్తే 36. అంటే 12 చొప్పున మూడు జట్లు. పుప్పొడి, అండం తయారయ్యే క్షయకరణ విభజనలో క్రోమోజోములు జతలు కట్టాలి. మూడు జట్లున్నప్పుడు జత కుదరక కొన్ని ఇటు, కొన్ని అటు చెల్లాచెదురవుతాయి, పుప్పొడి తాలుపోతుంది. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆ 36 రెట్టింపై 72 అయితే ప్రతి క్రోమోజోముకూ జత దొరుకుతుంది. మొక్క మళ్లీ గింజ కడుతుంది, తల్లితోనూ తండ్రితోనూ మాత్రం కలవదు. నైగ్రమ్ పుట్టుక ఇలా జరిగిందనే అభిప్రాయానికి ఎక్కువ బలం ఉంది. కాబట్టి 24, 48, 72 పక్కపక్కన రాసుకోవాల్సిన మూడు అంకెలు మాత్రమే కాదు, మూడోది మొదటి రెండింటి సంతానం అయ్యుండాలి.

స్లైడు మీద పన్నెండు జతలు

విద్యార్థుల కోసం పని తీరు కూడా చెబుతాను. కామంచి మొగ్గే చాలు. మొగ్గ మరీ ముదిరితే లోపల పుప్పొడి తయారైపోయి ఉంటుంది, మరీ లేతదైతే విభజన మొదలై ఉండదు. అందుకే ఒకే గుత్తిలోని రకరకాల సైజు మొగ్గలను ఉదయం పూట కోసి, మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేస్తారు. ఒక రోజు గడిచాక 70 శాతం ఆల్కహాలులోకి మారిస్తే నిలవ ఉంటాయి.

మొగ్గను విప్పి ఒక్క పరాగకోశాన్ని స్లైడు మీద పెట్టి, ఎసిటోకార్మిన్ రంగు చుక్క వేసి, ఇనుప సూదితో నలపాలి. స్టీలు సూది వద్దు. ఇనుము కొద్దిగా రంగులో కలిస్తేనే క్రోమోజోములకు ఎరుపు బాగా పడుతుంది. 1921లో జాన్ బెల్లింగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తునకలు తీసేసి, కవర్ స్లిప్ వేసి, స్పిరిట్ దీపం మంట మీదుగా రెండు మూడు సార్లు పోనిచ్చి, అద్దుడు కాగితం మడతలో పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు పక్కకి జరిగిందా, కణాలన్నీ చుట్టలు చుట్టుకుపోతాయి. అదృష్టం బాగుంటే గులాబీ రంగు కణంలో 12 చిన్న ముద్దలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో ముద్ద ఒక్కో జత, అంటే 24. ఒక కణం చూసి రాసేయకూడదు. పది కణాలు, వీలైతే పది మొక్కలు చూడాలి.

వేరు కొనలో లెక్కపెట్టాలంటే ముందు కోల్చిసిన్ ద్రావణంలో ఉంచుతారు. కణాన్ని రెండుగా లాగే నారపోగులు ఏర్పడకుండా అది ఆపుతుంది, క్రోమోజోములు మధ్యలోనే ఆగి పొట్టిగా చిక్కబడతాయి. మన అగ్నిశిఖ దుంపలోనూ గింజలోనూ ఉండేది ఇదే మందు. అందుకే ఆ దుంప తింటే మనిషి ప్రాణానికే ముప్పు.

రెల్లు, గరిక, కలువ

ఇలాంటి లెక్కలు కామంచితోనే ఆగవు. పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున శరత్కాలంలో తెల్లగా పూసే రెల్లు చూసి ఉంటారు. అది చెరకుకు దగ్గరి చుట్టం. తోట చెరకుకు 80 క్రోమోజోములు. రెల్లుకు ప్రాంతాన్ని బట్టి 40 నుంచి 128 దాకా ఉన్నాయి. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ తోట చెరకును 64 ఉన్న స్థానిక రెల్లుతో కలిపి సిఒ 205 రకం తీశారు. దానికి 112. లెక్క ప్రకారం 40, 32 కలిస్తే 72 రావాలి కదా అంటారా? ఈ సంకరంలో తల్లి చెరకు తన 80నీ పూర్తిగా ఇచ్చేస్తుంది, తండ్రి రెల్లు మాత్రం సగం ఇస్తుంది: 80, 32 కలిపి 112. ఈ వింతను జావాలో బ్రెమర్ అనే శాస్త్రవేత్త మొదట గుర్తించాడు. అదే కేంద్రంలో 1930ల్లో రెల్లు, చెరకుల కణాల మీద పని చేసిన ఇ. కె. జానకి అమ్మాళ్, తర్వాత కణశాస్త్రజ్ఞుడు డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగుమొక్కల క్రోమోజోముల అట్లాసు తెచ్చారు. 

గరికలో 18 ఉన్నదీ ఉంది, 36 ఉన్నదీ ఉంది. రెండూ కలిసి 27 అయితే గింజ కట్టదు, అయినా కణుపు కణుపుకూ వేరు వేసుకుంటూ బతుకుతుంది. గోల్ఫ్ మైదానాల్లో పరిచే కొన్ని సంకర గరికలు ఇలాంటివే. అలాంటి మొక్కకు ప్రత్యేక జాతి పేరు పెట్టాలా అంటే అంకె ఒక్కటే జవాబు చెప్పదు, సంతానం సంగతి కూడా చూడాలి.

తామరనూ కలువనూ ఒకప్పుడు ఒకే కుటుంబంలో పెట్టారు. తామరకు 16 క్రోమోజోములు. కలువలు 14 మూల సంఖ్యగా 28, 56, 84 అంటూ నడుస్తాయి. ఈ తేడా చూసి అనుమానించిన వాళ్ల మాటే తర్వాత డిఎన్ఏ పరిశోధనలో నెగ్గింది. ఒకే చెరువులో పక్కపక్కనే పూసినా తామరకు దగ్గరి చుట్టాలు నీళ్లలో లేవు, చినార్ లాంటి చెట్లే దానికి దగ్గర.

అంకె మోసం చేసే చోట్లు

ఇంతవరకు అంకెను పొగిడాను. ఇప్పుడు జాగ్రత్తలు చెప్పాలి. మనిషికి 48 క్రోమోజోములని మూడు దశాబ్దాలకు పైగా పుస్తకాలన్నీ రాశాయి. 1956లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని తేల్చారు. ఇద్దరూ మొక్కల కణాల మీద చేయి తిరిగినవాళ్లు. కణాలను పలచగా పరిచే నేర్పు అక్కడే అబ్బింది. ముందు తప్పు లెక్క చూసినవాళ్లు కళ్లు లేనివాళ్లు కాదు. 48 ఉంటాయని అనుకుని చూశారు, 48 కనబడ్డాయి.

రెండోది, ఒకే అంకె వచ్చినంత మాత్రాన జాతి ఒకటే కాదు. చెరువు అంచుల్లో మొలిచే నివ్వరి అనే అడవి వరిని 1965లో శర్మ, శాస్త్రి ఒరైజా నివారా పేరుతో వేరే జాతిగా వర్ణించారు. దానికీ 24, బహువార్షికమైన ఒరైజా రూఫిపోగాన్‌కూ 24, బాపట్లలో పుట్టిన బిపిటి 5204 రకం వరికీ 24. వీటిని విడదీయడానికి లెక్క పనికిరాదు, జీవితకాలం, కంకి, నివాసం చూడాలి. ఈ నివ్వరి విలువ తక్కువేం కాదు. వరికి సోకే గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకునే గుణం వేల నమూనాలు వెతికితే ఒక్క నివారా నమూనాలోనే దొరికింది.

మూడోది ఊద. వరిచేలో పీకి పీకి చేతులు నొప్పెట్టే ఆ కలుపులోనూ, మనం తినే ఊదల్లోనూ, జపాన్‌వాళ్ల ఊదల్లోనూ 54 ఉన్నాయి. 1962లో జపాన్ శాస్త్రవేత్త యబునో సంకరాలు చేసి చూశాడు. మన ఊదలు మన పొలాల ఊదతో కలిస్తే గింజ కడుతుంది, జపాన్ ఊదలు అక్కడి కలుపుతో కలిస్తే కడుతుంది. ఈ జట్టును ఆ జట్టుతో కలిపితే మాత్రం తాలే. రెండు దేశాల్లో రెండు కలుపుమొక్కల నుంచి విడివిడిగా పంట పుట్టిందని అలా తెలిసింది.

నాలుగోది తుంగ. మామూలు క్రోమోజోములో నారపోగు పట్టుకునే చోటు ఒకటే. తుంగ కుటుంబంలో క్రోమోజోము పొడవునా పట్టుంటుంది. అందుకని ముక్క విరిగినా తప్పిపోదు, ఆ ముక్కే మరో క్రోమోజోముగా చెలామణి అవుతుంది. అక్కడ సంఖ్య పెరిగినంత మాత్రాన కొత్త జాతి వచ్చిందనుకోకూడదు.

మన కళాశాలలు చేయగలిగింది

డిఎన్ఏ వరసలు చదివే కాలంలో ఈ నలపడం, నొక్కడం ఇంకా ఎందుకని కుర్రవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. కొద్ది జన్యువులు చదివితే చుట్టరికం తెలుస్తుంది, ఎన్ని జట్లున్నాయో చాలాసార్లు తెలియదు. కణంలో డిఎన్ఏ ఎంతుందో కొలిచే యంత్రాలున్నాయి, కానీ ఆ కొలతకు అర్థం చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు క్రోమోజోములు లెక్కపెట్టి ఉండాలి. ఆ పనికి డిగ్రీ కళాశాలలో ఉండే మైక్రోస్కోపు, ఒక సూది, నాలుగు సీసాలు, బోలెడు ఓపిక చాలు.

మాస్టారు విద్యార్థులకు పెట్టిన నియమం ఒకటుంది: ఏ కొమ్మ మొగ్గ తీసుకున్నావో ఆ కొమ్మనే కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టు. చీటీ మీద ఊరు, గట్టు, తేదీ, పండు రంగు రాయి, ఎండితే రంగు పోతుంది కదా. రేపు ఎవరైనా ఈ కామంచికి 48 ఎలా వస్తాయని అడిగితే మొక్కను చూపించు. పేరు మారినా, పుస్తకం మారినా, ఆ ఎండు మొక్క మీద లెక్క నిలబడుతుంది. సంఖ్య రాసి మొక్కను పారేసిన వ్యాసాల్లో అది అమెరికానమ్‌దా నైగ్రమ్‌దా అని ఇవాళ ఎవరూ చెప్పలేరు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలలు మూడూ ఏడాదికి ఒక ప్రజాతి చొప్పున పంచుకోండి. తెనాలివాళ్లు ఊద, బాపట్లవాళ్లు గరిక, రేపల్లెవాళ్లు రెల్లు తీసుకోవచ్చు. ప్రతి మొక్కకూ రెండు ఎండు నమూనాలు చేసి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, రెండోది హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రానికి పంపండి. పుస్తకంలో ఉన్న అంకే వచ్చిందని నిరుత్సాహపడకండి. గరికకు 36 అని ప్రపంచానికి తెలుసు. ఫలానా గట్టు మీది గరికకు 36, పక్క ఊరి గట్టు మీదిదానికి 18 అని చూపించగలిగితే, ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో వెతకడానికి రేపటి విద్యార్థికి దారి దొరుకుతుంది. ఖర్చు తక్కువ, పరీక్షల్లో మార్కులు రావు, పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇవన్నీ తెలిసి కూడా ఈ పని చేస్తామనేవాళ్లు చేతులెత్తండి.