నొప్పికి మందు ఉంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కేన్సర్ వైద్యుడిగా నా అనుభవం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

మన బడిలో మంచినీళ్లు పోసిన ఆయమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన శ్రీకాకుళం వైపు ఎందరో ఆడవాళ్లలాగే ఆవిడా అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు లేచి కేన్సరయింది. నా దగ్గరకు వచ్చేసరికే బాగా ముదిరిపోయింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లు" అని ఆవిడ కొడుక్కి చెప్పాను. "నిద్దరట్టడం లేదు బాబూ" అంది ఆయమ్మ. మామూలు నొప్పి బిళ్లలు రాసిచ్చాను. నెల తిరక్కుండానే పోయింది. ఆఖరి రాత్రుల్లో ఆవిడ మూలుగు వీధి చివరిదాకా వినపడేదట.

అదే జబ్బుతో వచ్చిన డబ్బున్నవాళ్లు పెద్ద నగరాలకు వెళ్లేవారు. అక్కడ వాళ్లకు మార్ఫిన్ దొరికేది. మా ఆసుపత్రిలో ఆ మందు లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల చిక్కులుండేవి, నిజమే. కానీ తెప్పించమని నేనూ ఎన్నడూ అడగలేదు. అలవాటు పడిపోతారన్న భయం. పరీక్ష కోసం చదివిన మందే గానీ, రోగికి రాయడం నాకెవరూ నేర్పలేదు.

కొన్నేళ్లకు కోళికోడ్‌లో శిక్షణకు వెళ్లాను. అక్కడ 1993లోనే పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది. మార్ఫిన్ బిళ్లను నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటిరోజు నుంచే జోడించాలి. కేన్సర్ నొప్పికి ఇలా పద్ధతిగా వాడితే వ్యసనం కావడం అరుదు. పైగా ఖరీదైన మందూ కాదు. వైద్య అవసరాలకు నల్లమందు చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా ఆయమ్మకు ఒక్క బిళ్ల అందలేదు.

2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. ఇప్పుడు మిగిలింది మా చదువే. డాక్టర్లు అయిదేళ్లలో 30 గంటలు నిరంతర వైద్య విద్యకు కేటాయించాలని 2002 నాటి నిబంధన. నేను చూసినంతలో ఆ గంటలు ఎక్కువగా కొత్త మందులకు, కొత్త యంత్రాలకే పోతున్నాయి. ఈ సభలో ఉన్న డాక్టర్లను ఒక్కటే కోరుతున్నాను: అందులో కొన్ని గంటలు నొప్పి వైద్యానికి ఇవ్వండి. మన జిల్లా డాక్టర్లకు, నర్సులకు నేర్పడానికి నేను వస్తాను.

మిగతావారికీ ఒక మాట. ఇంట్లో కేన్సర్ రోగి ఉంటే "ఓర్చుకో" అనకండి. "నొప్పికి మందేది?" అని డాక్టరును నిలదీయండి. ఆ రోజు నన్ను అలా అడిగినవాళ్లుంటే ఆయమ్మ నిద్రపోయి ఉండేది.